చిత్తుకి చోటిచ్చిన పేజీ

నిన్న సాయంత్రం మా అమ్మాయి లెక్కల పుస్తకానికి అట్ట వేస్తూ కూర్చున్నాను. అది రెండో తరగతి. అట్ట వేయడం పూర్తికాకముందే నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, స్కేలు పెట్టి, నాలుక కొసను బయటపెట్టి, ప్రతి పేజీలోనూ కుడివైపు నిలువుగా ఒక పెన్సిలు గీత కొట్టుకుంటూ పోయింది. ఎందుకమ్మా అని అడిగితే, ఇటుపక్క చిత్తు, అటుపక్క ఫెయిరు, ఆమాత్రం తెలీదా అన్నట్టు నావైపు చూసింది. నాకు తెలియకపోవడమేమిటి! ఆ గీత కోసం నేను పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చాయి. అది పడుకున్నాక ఇది రాయడం మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి దాని నుదురు తాకి వచ్చాను. జ్వరం లేదు, ఉండదని నాకూ తెలుసు, కానీ ఇన్నేళ్లయినా ఈ అలవాటు పోలేదు.

మన వయసు వాళ్లందరికీ కాలేజీలో కంప్యూటరు ల్యాబంటే ఎలా ఉండేదో గుర్తుండే ఉంటుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, ప్రార్థనకు వెళ్తున్నట్టు మెల్లగా లోపలికి నడిచి, కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డ తొడుగులు తీసి మడతలు పెట్టి, ఒక్కో దాని ముందు ఇద్దరేసి ముగ్గురేసి సర్దుకుని కూర్చుని, ముందే రికార్డు పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకున్న ప్రోగ్రామును అక్షరం పొల్లుపోకుండా టైపు చేసేవాళ్లం. సొంతంగా ఒక్క ముక్క కొట్టినా ఏదో పాడైపోతుందని భయం. కంప్యూటరంటే తప్పు చేయకూడని చోటు అని ఎవరూ నోటితో చెప్పలేదు గాని, ఆ చల్లటి గదిలో ఆ సంగతి మన ఒంటికి పట్టేసింది.

నేను విజయనగరంలో ఎంసీఏ చదివి, పెళ్లయ్యాక చీపురుపల్లి వచ్చాను. మా ఆయనది రైల్వేలో సిగ్నళ్ల మరమ్మతు పని. మా అత్తయ్య బాప్టిస్టు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. చదువు ఏడో తరగతితోనే ఆగినా, మా వీధిలో ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. మా అమ్మాయి ఎనిమిది నెలల పాపగా ఉండగా శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆడపిల్లల డిగ్రీ కాలేజీనుంచి కంప్యూటరు లెక్చరరుగా రమ్మని పిలుపు వచ్చింది. పాపను అత్తయ్యకు అప్పగించి పొద్దున్నే పాసింజరెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కడినుంచి బస్సు పట్టుకోవాలి. ఈ ఒక్క ఏడాదీ చూస్తానని, ఇంత చిన్న పిల్లను వదిలి వెళ్లినందుకు తగిన పని అక్కడ ఉందనిపిస్తేనే కొనసాగుతానని, లేకపోతే మానేస్తానని మా ఆయనతో నేనే అన్నాను. ఆయన షరతేమీ పెట్టలేదు. షరతు పెట్టుకున్నది నేను.

రైల్లో కూర్చున్న దగ్గర్నుంచి స్టేషను స్టేషనుకీ ఇంటికి ఫోను చేసేదాన్ని. సిగడాం దాటాక సిగ్నలు పోయేది, పొందూరు వచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. మళ్లీ కలిసేసరికి అత్తయ్య గొంతు ఖంగుమనేది. "నాలుగోసారే అమ్మాయ్! పాలు తాగింది, పడుకున్నాది. నివ్విలాగ గడియకోసారి మోగిస్తే మళ్లీ లేస్తాది. ఎట్టెయ్ ఫోను!"

ఆ ఏడాదే లెక్కల ఆఖరి సంవత్సరం పిల్లలకు కంప్యూటరు మీద ప్రాక్టికల్స్ పెట్టారు. డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేర్లు మా కాలేజీ తాహతుకు మించినవి. అయితే దేశదేశాల వాళ్లు తీరిక వేళల్లో రాసి, లోపలి రాతను కూడా దాచుకోకుండా అందరికీ ఉచితంగా వదిలిపెట్టిన ఓపెన్ సోర్స్ లెక్కల సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది. సమీకరణాలు సాధిస్తుంది, అంకెలు వరసల్లో పేర్చిన మాత్రికల ఐగెన్ విలువలు చెబుతుంది, వక్రరేఖలు గీస్తుంది. చేయలేని పని లేదు కాని దానికి ముఖమే లేదు. తెరిస్తే ఒక నల్లటి తెర, దాని మీద మినుకుమినుకుమనే చిన్న గీత, అంతే. పైగా అది మా ల్యాబులోని పాత కంప్యూటర్లలో ఎక్కదు. కొత్తది ఒకే ఒక్కటి ఉంది. సాఫ్ట్‌వేరును ఆ కొత్తదానిలో పెట్టి, మిగతా పాతవాటిలో బ్రౌజరు తెరిస్తే ఒక పేజీ వచ్చేలా, ఆ పేజీలో కొట్టిన లెక్క కొత్తదానికి వెళ్లి జవాబు తిరిగి వచ్చేలా చేస్తే సరిపోతుంది కదా అని నాకు తోచింది. ఆ పేజీ నేను తయారుచేస్తానని లెక్కల విభాగం హెడ్డుగారి దగ్గర ఒప్పుకున్నాను.

ఆయన చెడ్డవారు కారు, కాని ముప్పై ఏళ్లుగా చాక్‌పీసుతో చెప్పిన మనిషి. "సూడండమ్మా, లెక్క సేత్తో రాస్తే వస్తాది. మీటలు నొక్కితే రాదు," అన్నారు. అయినా మార్చిలో జరిగే ప్రాక్టికల్ పరీక్ష దాకా గడువిచ్చారు. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ముందు పిల్లలు ఆ పేజీ మీద లెక్కలు చేసి చూపించగలిగితే సరే, లేకపోతే వచ్చే ఏటినుంచి మామూలుగానే సీనియర్ల రికార్డులు చూసి రాసుకోవడం, ఆ కొత్త కంప్యూటరు ఆఫీసుకి వెళ్లిపోవడం. అలా జరిగితే ల్యాబులో నా అవసరం కూడా తీరిపోయినట్టే. ఆ చివరి మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మొదటి పేజీ ఎంతో ముచ్చటపడి చేశాను. లేత నీలం రంగు, మధ్యలో వరసగా తెల్లటి పెట్టెలు. పెట్టెలో లెక్క టైపు చేసి మీట నొక్కితే కింద జవాబు, తప్పుంటే ఎర్రటి అక్షరాల్లో ఆ సంగతి. పిల్లలు చూసి అబ్బ అంటారనుకున్నాను.

అనలేదు. వాళ్లు చెప్పులు విడిచి, తొడుగులు మడతలు పెట్టి, భక్తిగా కూర్చుని, రికార్డులో ఎలా మొదలుపెడతారో పెట్టెలో కూడా అలాగే మొదలుపెట్టారు. ముందుగా దేవుడి గుర్తు. మన వైపు పిల్లలు శుభ్రమైన పేజీ మీద అది రాయకుండా కలం కదపరు కదా! ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని కొట్టారు. సాఫ్ట్‌వేరు దాన్నొక సంఖ్య పేరనుకుని, ఆ పేరుగలది నాకు తెలియదని ఎర్రగా సమాధానమిచ్చింది. చర్చికి వెళ్లే పిల్లలు ఇద్దరు సిలువకు బదులు కూడిక గుర్తు కొట్టారు. చిన్నప్పుడు నేనూ ప్రతి పేజీ పైనా చిన్న సిలువ వేసుకున్నదాన్నే, అయినా ఇది ఊహించలేకపోయాను. దేన్ని దేనికి కలపాలో తెలియక అదీ ఎర్రబడింది. ఒక ముస్లిం పిల్ల మాత్రం తను ఎప్పుడూ పేజీ పైన రాసుకునే 786 కొట్టింది. సాఫ్ట్‌వేరు ఎంతో మర్యాదగా, నల్లటి అక్షరాల్లో, 786 అని జవాబిచ్చింది.

ఒక్క క్షణంలో ఆ పిల్ల చుట్టూ గుంపు మూగింది.

"ఒసే, దీన్ది ఒప్పుకున్నాదే!"

"మనం కూడా అదే కొట్టేద్దాం. ఏటి, దేవుడందరికీ ఒకడే కదేటి?"

ఆ గంట పూర్తయ్యేలోగా ఇంకో నాలుగు కంప్యూటర్ల మీద 786 వెలిసింది. ఇప్పుడు నవ్వొస్తుంది గాని అప్పుడు నాకు చెమటలు పట్టాయి. దేవుడి గుర్తు దాటినవాళ్లు కూడా రికార్డు పద్ధతినే ఉద్దేశం, సూత్రం, విధానం అంటూ మొత్తం టైపు చేయబోయారు. లైనుకో ఎర్ర తిట్టు వచ్చింది. మూల కంప్యూటరు దగ్గర కళింగపట్నంనుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి ఒకతె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాళ్ల నాన్న సముద్రంలో వేటకు వెళ్తాడు. క్లాసులో లెక్కలకు అందరికంటే ముందుండే పిల్ల. ఏమ్మా చేయవా అన్నాను.

"శ్రీ ఎవులో తెలీదంటన్నాది మేడమండి. మొదల్లోనే అలాగనేసినాక ఇంక ముందుకేటి ఎల్తామండి?"

హెడ్డుగారు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూశారు. సాయంత్రం స్టాఫ్ రూములో, పాత రికార్డులు ఎక్కడున్నాయో వెతికించమంటారా అని చాలా సౌమ్యంగా అడిగారు.

మరునాడు నేను చేయకూడని పని చేశాను. తప్పు పిల్లలదనుకుని, పెట్టెలో కమాండు తప్ప ఇంకేమీ కొట్టకూడదని గట్టిగా చెప్పాను. పిల్లలు బుద్ధిగా విన్నారు. విని, అసలు కొట్టడమే మానేశారు. లెక్కంతా నోటుపుస్తకంలో చేసుకుని, జవాబు తేలాక, భయంభయంగా ఒక్క లైను కొట్టి, ఎర్రది వస్తే ఎవరైనా చూస్తారేమోనని చప్పున చెరిపేసేవారు. వారం రోజులు గడిచాయి. ల్యాబు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, నా ఫోను బ్యాగులో కదిలినా వినిపించేది.

ఆ వారం చివర కళింగపట్నం పిల్ల పక్కన కూర్చుని, ఆ ఒక్క మాట పైన రాయకపోతే ఏమవుతుందమ్మా అని అడిగాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది.

"ఏటీ అవదండి. మా అయ్య పడవకి పసుపెట్టకుండా నీళ్లలోకి తొయ్యడండి. ఎట్టకపోతే పడవ మునిగిపోదు. తోసే సెయ్యి వణుకుతాదండి, అంతే."

ఆ మాట విన్నాక నీ లెక్కల పుస్తకం ఒకసారి ఇవ్వమన్నాను. అది మామూలు పుస్తకమే. పైన శ్రీ, దాని కింద ఒక చిన్న గీత. కుడివైపు నిలువు గీత. ఎడమపక్క ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబు వరకు ఒక్క కొట్టివేత లేని లెక్క. కుడిపక్క చిత్తు. ఆ సన్నటి పట్టీలో గుణకారాలు, కొట్టివేతలు, మళ్లీ మొదలుపెట్టడాలు, ఒకచోట ఊరొచ్చేటప్పుడు వాళ్లమ్మ తెమ్మన్నదేమో, సబ్బు, దువ్వెన అని కూడా రాసి ఉంది. లెక్క నిజంగా జరిగింది ఆ పట్టీలో. నేను చేసిన పేజీలో మొదలుపెట్టడానికి ముందు చేయి నిలదొక్కుకునే చోటు లేదు, తప్పు చేసుకునే చోటు అంతకంటే లేదు. కంప్యూటరు ల్యాబు నాకు నేర్పిన భయాన్నే నేను నీలం రంగు వేసి పిల్లల ముందు పెట్టాను.

అప్పటినుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా నేను బతికిన తీరు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. రైల్లో కాగితం మీద పేజీ బొమ్మ వేసుకునేదాన్ని. ఇంట్లో చీర ఉయ్యాలకు తాడు కట్టి, ఆ తాడు నా కాలి బొటనవేలికి చుట్టుకుని, కాలితో ఊపుతూ చేతులతో టైపు చేసేదాన్ని. పేజీ పైన అడ్డంగా ఒక ఖాళీ వరస పెట్టాను. అందులో ఏం రాసినా అది లెక్కలోకి వెళ్లదు. శ్రీ అయినా, సిలువ అయినా, 786 అయినా, ఏమీ రాయకపోయినా సాఫ్ట్‌వేరుకు పట్టింపు లేదు. ఇక్కడ ఏం రాసినా తప్పు కాదు అని ఆ వరసలో లేత బూడిద రంగులో తెలుగులో రాశాను. టైపు చేయడం మొదలుపెట్టగానే ఆ మాట మాయమైపోతుంది. పేజీని నిలువుగా రెండు చేసి, కుడివైపు చిత్తు, ఎడమవైపు ఫెయిరు పెట్టాను. చిత్తులో ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు, చెరపనక్కరలేదు. బాగా వచ్చిన లైనును మీట నొక్కి ఫెయిరులోకి పంపుకోవచ్చు. పిల్లలు రెండు ఎక్స్ అని అలవాటుగా రాసినప్పుడు మధ్యలో గుణకారానికి ఉండవలసిన నక్షత్రం గుర్తును పేజీయే బూడిద రంగులో వేసి, ఇలాగనుకున్నాను, సరేనా అని అడిగేలా చేశాను. ఈ ఒక్క సరేనా కోసమే మూడు ఆదివారాలు పట్టింది.

ఎర్ర రంగు సంగతి మాత్రం నాకు తట్టింది కాదు. అది అత్తయ్య చలవ. ఒక ఆదివారం చర్చినుంచి వచ్చి, బైబిలు సంచీ మేకుకు తగిలిస్తూ నా భుజం మీదుగా తెరలోకి చూసింది.

"ఏటే అది? ఎవులు తిడతన్నారే నిన్ను?"

"ఎవరూ తిట్టట్లేదత్తయ్యా, లెక్కలో తప్పుంటే అలా చెబుతుంది."

"నాకు ఇంగ్లీసు రాదు గానీ తిట్టు తెలీదేటి? అంతెర్రగా సెప్తే పిల్లలకి గుండె ఆగిపోదూ! నీ కూతురు అన్నం కక్కితే నివ్విలాగే ఎర్రగా సూస్తావేటి దాన్ని?"

ఆ మధ్యాహ్నమే ఎరుపు తీసేశాను. తప్పున్న చోట కింద పెన్సిలుతో గీసినట్టుండే సన్నటి గీత, పక్కన ఎక్కడ ఆగిపోయిందో తెలుగులో ఒక చిన్న మాట. అత్తయ్య అక్కడితో ఆగలేదు. బుధవారం స్త్రీల ప్రార్థనలో రోగుల పేర్లు, ప్రయాణాల్లో ఉన్నవారి పేర్లు చెప్పాక, "మా కోడలి కంప్లీటర్లో ఆ ఎర్రది రాకుండా సూడు తండ్రీ" అని కూడా ప్రార్థించిందట. అదేదో రోగమనుకుని ఇద్దరు ముగ్గురు నన్ను పరామర్శించడానికి ఇంటికి వచ్చారు.

కొత్త పేజీ ల్యాబులో పెట్టిన రోజు మొదటి పది నిమిషాలు అందరూ మౌసుతో ఆ నిలువు గీతకు అటూ ఇటూ తడిమి చూశారు. తర్వాత కళింగపట్నం పిల్ల పై వరసలో శ్రీ అని కొట్టి, ఒక్క క్షణం ఆగి, ఏ తిట్టూ రాకపోయేసరికి నావైపు తిరిగి నవ్వింది. గంటలో ల్యాబు చేపల బజారయింది. ఒకళ్ల చిత్తులోకి ఒకళ్లు తొంగిచూసుకుంటున్నారు, నాది ఎక్కడ తప్పిందో సూడే అంటున్నారు. తప్పును దాచుకోకుండా పక్కవాళ్లకు చూపించడం ఆ గదిలో నేను మొదటిసారి చూశాను.

ఆ ధైర్యంతోనే ఆ పేజీని సాఫ్ట్‌వేరు తయారుచేసేవాళ్లకు పంపాను. చిత్తు పట్టీ వాళ్లకు నచ్చింది. పై వరస మాత్రం ఎందుకో అర్థం కాలేదు. ఏ లెక్కా చేయని చోట ఎవరైనా ఎందుకు రాస్తారని, ముఖం కూడా తెలియని ఒక పెద్దాయన ఏదో దేశంనుంచి మర్యాదగా అడిగాడు. సాంకేతిక కారణాలేవో రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. చివరికి పడవకు పసుపు పెట్టే సంగతి ఉన్నదున్నట్టు రాసి పంపించేశాను. జవాబు రాలేదు. ఈలోగా మార్చి వచ్చింది.

పరీక్ష రోజు పొద్దున్న పాప ఒళ్లు కాలిపోతోంది. ఇది రాస్తున్నప్పుడు కూడా నా వేళ్లకు ఆ వేడి తగులుతోంది. థర్మామీటరు మూడుసార్లు పెట్టాను. మందు వేశాను. మా ఆయన ముందు రాత్రి డ్యూటీ మీద వెళ్లి ఇంకా రాలేదు. నేను చీర మార్చుకోకుండా పాపను భుజాన వేసుకుని గదిలో తిరుగుతుంటే రైలు టైము దగ్గర పడింది. నేను వెళ్లకపోతే ల్యాబులో కొత్త కంప్యూటరు ఆగితే చూసేవాళ్లు లేరు, ఆ పేజీని వెనకేసుకొచ్చి మాట్లాడేవాళ్లు లేరు. వెళ్తే, ఇక్కడ ఏమైనా అయితే? అత్తయ్య నా చేతుల్లోంచి పాపను తీసుకుంది.

"డాక్టరు కాడికి నాను తీసుకెల్తాను. ముగ్గురు పిల్లల్ని పెంచినాను, నాకు జ్వరం తెలీదేటి? ఎల్లు. అక్కడ ముప్పైమంది ఆడపిల్లలున్నారు, ఆళ్లు కూడా ఎవులికో ఒకలికి పిల్లలే."

వెళ్లాను. సిగడాం దాటాక సిగ్నలు పోయినప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చాను కూడా.

ఎగ్జామినరుగారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. హెడ్డుగారు ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చి నేరుగా కళింగపట్నం పిల్ల దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన అప్పటికప్పుడు ఒక మాత్రిక చెప్పి, దాని ఐగెన్ విలువలు కనుక్కోమన్నారు. ఆ పిల్ల పై వరసలో శ్రీ కొట్టింది. చిత్తులో మాత్రిక వేసింది, మూలనుంచి మూలకుండే వికర్ణంలో ఒక అంకె తారుమారైంది. జవాబు చూసి పెదవి విరిచి, ఆయన చెప్పిన మాత్రికలో వికర్ణం అంకెలు కూడి, ఆ మొత్తం జవాబుల మొత్తంతో సరిపోలేదని తేల్చుకుని, మళ్లీ వేసింది. రెండోసారి ఒక బ్రాకెట్టు మరిచిపోయింది. పేజీ దాని కింద పెన్సిలు గీత గీసింది. మూడోసారి సరిగ్గా వచ్చింది. అది ఫెయిరులోకి పంపి లేచి నిలబడింది. అంతలో ఎగ్జామినరుగారు కుడివైపు వేలు చూపించి, ఈ తప్పులు చెరపలేదేమని అడిగారు.

"అది సిత్తండి సార్," అంది ఆ పిల్ల, ఆయనకు ఆమాత్రం తెలియనందుకు ఆశ్చర్యపోతూ. "సిత్తులో తప్పులుంటాయండి."

ఆయన ఒక కుర్చీ లాక్కుని ఆ చిత్తు మొదటినుంచి చివరిదాకా చదివారు. చదివి పక్క కంప్యూటరు దగ్గరికి కుర్చీ జరిపారు. తర్వాత దాని పక్కది. అటెండరు తెచ్చిన టీ కిటికీ మీద చల్లారిపోయింది. ముప్పైమంది చిత్తులూ చదివాక హెడ్డుగారితో, పరీక్ష కాగితాలతో పాటు ఈ కుడిపక్కది కూడా ప్రింటు తీసి పెట్టండి, ఇన్నేళ్లలో తప్పే లేని రికార్డులు చూసి చూసి విసిగిపోయాను అన్నారు. హెడ్డుగారు నావైపు చూసి, తల పంకించి, "మరింకేటమ్మా, కొత్త మిషను ల్యాబులోనే ఉంచేద్దాం," అన్నారు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

అప్పుడే బ్యాగులో ఫోను కదిలింది. పరుగున వరండాలోకి వెళ్లి ఎత్తాను. పాపకు జ్వరం దిగిందని, డాక్టరు భయం లేదన్నాడని, ఇప్పుడే గంజి తాగి ఆడుకుంటోందని అత్తయ్య చెప్పింది. నేను ఊపిరి పీల్చుకునేలోగా తనే అడిగింది.

"అది సరే గానీ, ఎర్రది వచ్చిందేటి?"

రాలేదత్తయ్యా అన్నాను. స్తోత్రం అని ఫోను పెట్టేసింది.

నెల తర్వాత ఆ పెద్దాయన జవాబు వచ్చింది. లెక్క మొదలుపెట్టే ముందు తను కళ్లజోడు తీసి తుడుచుకుంటాడట, నలభై ఏళ్లనుంచీ అంతేనట, అద్దాలకు మురికి ఉన్నా లేకపోయినా. పై వరస కూడా ఉంచుతున్నామని రాశాడు. ఆ సాఫ్ట్‌వేరు తర్వాతి కూర్పులో, తయారుచేసినవాళ్ల పొడవాటి పట్టిక అడుగున, చిన్న అక్షరాల్లో నా పేరు కూడా పడింది. మా ఆయన దాన్ని ప్రింటు తీయించి తన డ్యూటీ పుస్తకంలో పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి. నేను ఆ ఉద్యోగం మానలేదు.

ఇప్పుడు ల్యాబులో చెప్పులు ఎవరూ విడవడం లేదు, తొడుగులు కూడా లేవు. పిల్లలు ఆ పేజీని సెల్‌ఫోనులోనే తెరుచుకుంటున్నారు. తెర చిన్నదైపోయింది కదా, రెండేళ్ల క్రితం వచ్చిన కూర్పులో పై వరస తీసేశారు. ఇక్కడ ఏం రాసినా తప్పు కాదు అన్న మాట కూడా దానితోనే పోయింది. తీసేస్తున్నామని ముందే అడిగారు, నేనే సరేనన్నాను. ఎందుకంటే ఇప్పటి పిల్లలకు దాని అవసరం కనబడలేదు. బెరుకు లేకుండా తెరుస్తారు, నేరుగా లెక్క కొడతారు, తప్పొస్తే భుజాలెగరేసి మళ్లీ కొడతారు. వాళ్లకు ఆ ధైర్యం రావాలనే కదా నేను అంత పాటుపడ్డాను. చిత్తు పట్టీ మాత్రం నిలబడింది, దానికి వాళ్లేదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు. ఏ ఊళ్లో ఎవరు దానిలో తప్పు చేసుకుంటున్నారోనని అప్పుడప్పుడు తలుచుకుని, ఎవరికీ చెప్పకుండా గర్వపడుతుంటాను. కళింగపట్నం పిల్ల ఇప్పుడు వాళ్ల ఊరి దగ్గరే బడిలో లెక్కల టీచరు. మొదటి రోజు పుస్తకంలో ఆ నిలువు గీత కొట్టించాకే లెక్క మొదలుపెడుతుందట.

నిన్న గీతలన్నీ కొట్టడం అయ్యాక మా అమ్మాయిని, మరి పేజీ పైన ఏమీ రాసుకోవా అని అడిగాను. ఏం రాయాలి, తేదీయా అంది. పడవ, పసుపు, వణికే చెయ్యి, ఇవన్నీ దానికి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను? తేదీ రాసుకోమ్మా అన్నాను. అది తేదీ కూడా రాయకుండా నేరుగా మొదటి లెక్కలోకి దూకింది. దాని చెయ్యి ఏమాత్రం వణకలేదు.

ఇది రాయడానికి కూర్చున్నప్పుడు ఖాళీ పేజీ పైన నేను మాత్రం పాత అలవాటు కొద్దీ సిలువకు బదులు ఒక కూడిక గుర్తు కొట్టి, ఒక్క క్షణం ఆగాను. ఎర్రదేమీ రాలేదు.